ఒకే మందు, పలు ముఖములు
(ఈస్ట్రోజెను నిరోధకములను గూర్చి ప్రయోగశాల జంతువులు నేర్పిన పాఠము)

ఆదోని మార్కెట్ యార్డునకు వచ్చిన పత్తి జిన్నింగు మిల్లులలో దూది, గింజ అని రెండుగా విడిపోవును. దూది నేతకు పోవును. గింజనుండి నూనె తీసి, మిగిలిన చెక్కను పశువులకు పెట్టుదురు. ఆ గింజలో గాసిపోల్ అను పసుపుపచ్చని పదార్థము కలదు. పెద్ద గేదె ఆ చెక్కను తిని చక్కగా పాలిచ్చును. నెమరువేయు జంతువు పొట్టలో గాసిపోల్ మాంసకృత్తులతో బంధింపబడి చాలవరకు నిర్వీర్యమగుటయే దీనికి కారణము. నెమరువేయుట ఇంకను అలవడని దూడకు అదే చెక్క మితిమీరినచో హాని చేయును. పందికి అంతకంటె హాని. కోడికి పెట్టినచో గ్రుడ్డుసొన రంగు చెడును. పదార్థమొక్కటే, తిన్న ప్రాణిని బట్టి ఫలితము వేరు.

పశువులను మేపువారికి అనుభవముచే తెలిసిన ఈ సత్యము వైద్యశాస్త్రమున ఒక పెద్ద ప్రశ్నయై నిలిచినది. ప్రయోగశాలలో ఎలుకకు మేలు చేసిన మందు మనుష్యునకును మేలు చేయునా? ఎలుకకు కీడు చేసినది మనకును కీడేనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ‘ఈస్ట్రోజెను నిరోధకములు’ అను మందుల చరిత్రకంటె మంచి పాఠ్యపుస్తకము వేరొకటి కానరాదు.

మేము సాహిత్యమును బోధించువారము. అయినను ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణము కలదు. మన విద్యార్థినీ విద్యార్థులు ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో కన్నడము కూడ ధారాళముగా మాటాడుదురు. శాస్త్రమును మాత్రము ఆంగ్లమున వల్లించి, పరీక్షలో వ్రాసి, అక్కడనే విడిచి వచ్చుచున్నారు. ఇంట అమ్మీకో, ఖాలాకో వైద్యుడు ఒక మాత్ర వ్రాసియిచ్చినపుడు, ఆ మాత్ర ఏమి చేయునో ఇంటి భాషలో చెప్పగలవారు అరుదు. చెప్పువారు లేనిచోట వదంతి ప్రవేశించును. వదంతి ప్రాణము తీయగలదు. అందువలన ఈ విషయమును దేశభాషలో వివరించుటకు పూనుకొనుచున్నాము.

హార్మోను అనగానేమి?

1905లో ఎర్నెస్ట్ స్టార్లింగ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ‘హార్మోను’ అను పదమును ప్రచారమునకు తెచ్చెను. దాని గ్రీకు మూలమునకు ‘ప్రేరేపించుట’ అని అర్థము. ఒక గ్రంథిలో పుట్టి, రక్తములో కలిసి, దూరముననున్న అవయవమును పనికి పురికొల్పునది హార్మోను. ఈస్ట్రోజెను అను పేరునకు మూలమైన గ్రీకు మాటకు ‘జోరీగ’ అని అర్థము. జోరీగ కుట్టిన పశువు కుదురుగా నిలువలేనట్లే ఎదకు వచ్చిన ఆడజంతువు నిలువలేదని పూర్వులు ఆ దశకు ఈ పేరు పెట్టిరి. ఆ దశను కలిగించు హార్మోనులే ఈస్ట్రోజెనులు.

1923లో అమెరికాలో ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిజీ అను ఇరువురు, పంది అండకోశములలోని ద్రవమును తీసి, అండాశయములు తొలగించిన ఎలుకజాతి జంతువులకు ఎక్కించిరి. అండాశయములు లేకపోయినను ఆ జంతువులలో ఎద లక్షణములు మరల కనబడెను. 1929 నాటికి ఈ హార్మోనులలో ఒకటి స్ఫటికరూపమున లభించినది.

స్త్రీ శరీరమున ఈస్ట్రోజెను చేయు పనులు పెక్కు. గర్భాశయపు లోపలి పొరను పెంచును. స్తనములలో నాళములను వృద్ధిచేయును. ఎముకల గట్టిదనమును కాపాడును. రక్తములోని కొలెస్ట్రాలుపై ప్రభావము చూపును. మెదడు అడుగుననున్న పీయూషగ్రంథికి ‘ఇక చాలును’ అనియో, ‘ఇపుడు అండమును విడుదల చేయుము’ అనియో సమయానుకూలముగా కబురంపును. అయితే ఈ వృద్ధిశక్తియే ఒక్కొక్కపుడు వ్యాధికి బలమగును. 1896లోనే గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జ్ బీట్సన్, స్తన క్యాన్సరు ముదిరిన స్త్రీకి అండాశయములు తొలగించి వ్యాధి తగ్గుటను లోకమునకు చూపెను. కారణము మాత్రము ఆనాటికి తెలియదు.

ఆ కారణమును 1950ల చివర చికాగోలో ఎల్వుడ్ జెన్సెన్ కనుగొనెను. అతడు రేడియో ధార్మికత గల హైడ్రోజనుతో గుర్తుపెట్టిన ఈస్ట్రోజెనును పసి ఆడ ఎలుకలకు ఇచ్చెను. అది రక్తముద్వారా అన్ని అవయవములకును చేరినది. కాని కండరములలో నిలువలేదు. గర్భాశయము మొదలగు కొన్ని కణజాలములలో మాత్రము పట్టుకొని నిలిచినది. అనగా ఆ కణములలో దానిని పట్టి ఉంచు ప్రత్యేకమైన మాంసకృత్తు ఉండవలెను. దానినే గ్రాహకము అందురు. గ్రాహకము బీగము వంటిది. హార్మోను బీగపుచెవి వంటిది. నిరోధకమన్ననో, బీగములో దూరి, తాను తిరుగక, అసలు చెవిని దూరనీయని మారుచెవి వంటిది. ఈ పోలిక ఆరంభమునకు చాలును. ముందుముందు ఇది చాలదని తేలును.

కొలుచు విధానము

ఒక పదార్థము ఈస్ట్రోజెను వలె పనిచేయునా, దానిని ఎదిరించునా అని తెలియుటకు శాస్త్రజ్ఞులు సులభమైన త్రాసును కనిపెట్టిరి. ఆ త్రాసు ఎలుక గర్భాశయమే. ఇంకను ఈడేరని ఆడ ఎలుకలను గాని, అండాశయములు తొలగించిన ఎలుకలను గాని తీసికొని, వరుసగా 3 దినములు పరీక్షాపదార్థము ఇచ్చి, మరునాడు గర్భాశయమును తూచెదరు. ఈస్ట్రోజెను పొందిన వాటి గర్భాశయము ఉబ్బి బరువెక్కును. ఏమియు పొందని వాటిది చిన్నదిగనే ఉండును. ఈస్ట్రోజెనుతోపాటు నిరోధకమును కూడ పొందిన వాటిది పెరుగక నిలిచినచో ఆ మందు పనిచేసినదన్నమాట. నిరోధకమును ఒంటరిగా పొందిన ఎలుకల జట్టు కూడ ఒకటి తప్పక ఉండవలెను. ఏలయన, ఒంటరిగా ఇచ్చినపుడు అది తానే కొంత ఈస్ట్రోజెను వేషము వేయునేమో చూడవలెను. ఈ నాలుగవ జట్టే అసలు రహస్యమును బయటపెట్టినది.

ఒక తెలుగువాని మార్గము

గ్రాహకము మాట ఇంకను పుట్టక ముందే ఈస్ట్రోజెను ప్రభావమును వేరొక త్రోవన అడ్డగించిన కథ ఒకటి కలదు. దానితో మన తెలుగువారికి సంబంధమున్నది. 1895లో భీమవరమున జన్మించి, 1923లో అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1940 నుండి లెడర్లీ సంస్థలో పరిశోధనలు నడిపిరి. వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసి, పిదప దానికి విరోధులైన అమినోప్టెరిన్ వంటి మందులను రూపొందించినది.

అదే కాలమున రాయ్ హెర్ట్జ్ అను శాస్త్రజ్ఞుడు కోడిపిల్లలపై ప్రయోగములు చేయుచుండెను. ఆడ కోడిపిల్లకు ఈస్ట్రోజెను గుణముగల మందునిచ్చినచో దాని అండవాహిక శీఘ్రముగా పెరుగును. ఆహారమున ఫోలిక్ ఆమ్లము లోపించినచో ఎంత హార్మోను ఇచ్చినను ఆ పెరుగుదల సరిగా రాదని అతడు 1945లో చూపెను. ఫోలిక్ విరోధులను ఇచ్చినను పెరుగుదల ఆగునని 1949లో ప్రకటించెను. ఇచ్చట బీగమున మారుచెవి లేదు. తలుపు తెరచుకొన్నను లోపల పనికి సరుకు లేదు. కణము విభజన పొందుటకు వలసిన ఫోలిక్ ఆమ్లము అందనిచో హార్మోను ఆజ్ఞ వ్యర్థమగును.

సుబ్బారావుగారు 1948లోనే దివంగతులైరి. కాని ఈ కోడిపిల్ల పాఠము నిష్ఫలము కాలేదు. గర్భసంబంధ కణములనుండి పుట్టు కోరియోకార్సినోమా అను క్యాన్సరునకు, ఫోలిక్ విరోధియగు మెథోట్రెక్సేట్ మందును 1956లో మిన్ చియు లీ, హెర్ట్జ్ ప్రయోగించి సఫలులైరి. మందుతో నయమైన తొలి గడ్డ క్యాన్సరులలో అది యొకటి.

మారుచెవులు వచ్చిన విధము

గ్రాహకమునే అడ్డగించు మందులలో మొదటిది 1958లో లెనర్డ్ లెర్నర్, అతని సహచరులు అమెరికాలో ప్రకటించిన ఎం.ఇ.ఆర్. 25. అది పరీక్షించిన జంతువులన్నింటను ఈస్ట్రోజెనును ఎదిరించినది. జతకూడిన పిమ్మట ఆడ ఎలుకకు ఇచ్చినచో గర్భము నిలువలేదు. ఇక స్త్రీలకు సంతాన నిరోధక మాత్ర దొరికినదని అనేకులు ఆశపడిరి. కాని దాని బలము తక్కువ, మనస్సుపై దుష్ఫలితములు ఎక్కువ అగుటచే దానిని విడిచిరి.

పిదప వచ్చినది క్లోమిఫీన్. ఇదియు ఎలుకలలో గర్భమును నిరోధించినది. కాని 1961లో రాబర్ట్ గ్రీన్‌బ్లాట్ దీనిని అండము విడుదలకాని స్త్రీలకు ఇచ్చి చూడగా అండము విడుదలయ్యెను! ఎలుకకు సంతాన నిరోధకమైనది స్త్రీకి సంతాన సహాయకమైనది. నేటికిని సంతానము లేని దంపతులకు వైద్యులు వ్రాయు మందులలో ఇదియొకటి.

మూడవది టామాక్సిఫెన్. దీనిని 1962లో ఇంగ్లండులోని ఐ.సి.ఐ. సంస్థలో డోరా రిచర్డ్‌సన్ అను రసాయన శాస్త్రవేత్త తయారుచేసెను. 1966లో హార్పర్, వాల్పోల్ అను పరిశోధకులు దీనిని ఎలుకలకును, చిట్టెలుకలకును ఇచ్చి చూచిరి. ఎలుకలో అది ప్రధానముగా ఈస్ట్రోజెనును ఎదిరించినది. చిట్టెలుకలో అదే మందు ఈస్ట్రోజెను వలెనే పనిచేసినది. ఒకే కుటుంబమునకు చెందిన రెండు ప్రాణులలోనే ఇంత భేదమున్నచో మనుష్యుని మాట చెప్పనేల? ఇదియు సంతాన నిరోధకముగా పనికిరాలేదు. 1971లో మాంచెస్టరు నగరమున మేరీ కోల్, ఆమె సహచరులు దీనిని స్తన క్యాన్సరు రోగులపై ప్రయోగించి సత్ఫలితములు ప్రకటించిరి. బ్రిటనులో 1973లోను, అమెరికాలో 1977లోను దీనికి అనుమతి లభించినది.

కణజాలముల వారీగా ఫలితములు

టామాక్సిఫెన్ ఎలుక శరీరమున ఏమేమి చేయునో ఒక్కొక్కటిగా పరిశీలింతము.

పీయూషగ్రంథి: ఎలుకకు 4, 5 దినములకొకసారి ఎద వచ్చును. అండము విడుదలకు పీయూషగ్రంథినుండి ఎల్.హెచ్. అను హార్మోను ఒక్కసారిగా పొంగవలెను. ఈ మందు ఆ పొంగును అణచి అండవిడుదలను ఆపగలదు. స్త్రీలలో వేరు. ఋతుక్రమము నడచుచున్న స్త్రీ ఈ మందు పుచ్చుకొన్నపుడు మెదడునకు ‘ఈస్ట్రోజెను చాలదు’ అను భ్రాంతి కలిగి, అండాశయములు మరింత ప్రేరేపింపబడి, రక్తములో ఈస్ట్రోజెను పెరుగుట కలదు. నిరోధకమును తీసికొనగా హార్మోను పెరిగినదని భయపడనక్కరలేదు; బీగములు మూతపడియుండగా చెవులు ఎన్ని ఉన్ననేమి?

స్తనము: ఎలుకలలో ఒక రసాయనముచే స్తనపు గడ్డలను పుట్టించి, వాటిపై టామాక్సిఫెన్ ప్రభావమును క్రెయిగ్ జోర్డన్ 1970లలో పరిశీలించెను. మందు ఆ గడ్డలు పుట్టుటను ఆపినది. ఈ ఫలితము మానవులలోను నిలిచినది. గ్రాహకములు గల స్తన క్యాన్సరుకు శస్త్రచికిత్స పిదప 5 సంవత్సరములు ఈ మాత్ర వాడిన స్త్రీలలో ఆ వ్యాధివలని మరణములు సుమారు మూడవ వంతు తగ్గినవి.

ఎముక: ఈస్ట్రోజెనును ఎదిరించు మందు ఎముకలను గుల్లచేయునేమోయని శాస్త్రజ్ఞులు భయపడిరి. కాని 1987లో జోర్డన్ బృందము అండాశయములు తొలగించిన ఎలుకలకు ఇచ్చి చూడగా ఎముకల సాంద్రత నిలిచినది. 1992లో ఋతుక్రమము ఆగిన స్త్రీలలోను వెన్నెముక విషయమున ఇదే ఫలితము కనబడినది. ఋతుక్రమము ఆగని స్త్రీలలో మాత్రము ఎముక కొంత తరుగును. ఒకే అవయవమున వయస్సును బట్టి రెండు ఫలితములు!

ఆహారము, కొలెస్ట్రాలు: ఎలుకలు ఈ మందుతో తక్కువ తిని బరువు తగ్గును, రక్తములోని కొలెస్ట్రాలును తగ్గును. ఇది ఈస్ట్రోజెను చేయు పనియే గాని దాని శత్రువు చేయు పని కాదు.

గర్భాశయము: 1988లో రోగనిరోధకశక్తి లేని చిట్టెలుకలకు ఒక ప్రక్క మానవ స్తన క్యాన్సరు గడ్డను, మరియొక ప్రక్క గర్భాశయ క్యాన్సరు గడ్డను నాటి, టామాక్సిఫెన్ ఇచ్చిరి. స్తనపు గడ్డ అణగినది. గర్భాశయపు గడ్డ పెరిగినది. అదే ప్రాణి, అదే రక్తము, అదే మందు. ఈ హెచ్చరిక యథార్థమైనది. ఋతుక్రమము ఆగిన స్త్రీలలో ఈ మందువలన గర్భాశయ క్యాన్సరు అవకాశము కొంత పెరుగునని పిమ్మట ఋజువైనది.

కాలేయము: 1990ల ఆరంభమున ఎక్కువ మోతాదులు దీర్ఘకాలము పొందిన ఎలుకలకు కాలేయమున గడ్డలు పుట్టినవి. చిట్టెలుకలకు పుట్టలేదు. ఎలుక కాలేయము ఈ మందును జన్యుపదార్థమునకు అంటుకొను రూపమునకు మార్చుటలో సమర్థమైనది; మనుష్యుని కాలేయము అంత సమర్థము కాదు. స్త్రీలలో ఇట్టి కాలేయ క్యాన్సరు పెరుగుదల కనబడలేదు.

కావున ఎలుక చెప్పిన మాటలలో స్తనము విషయము నిజమైనది, గర్భనిరోధము విషయము నిజము కాలేదు, కాలేయము విషయము మనకు వర్తింపలేదు. ఎలుకను నమ్మవలెనా వలదా అని అడుగుట సరికాదు. ఏ కణజాలమున, ఎంత మోతాదులో, ఎంత కాలము అని అడుగుట సరియైన ప్రశ్న.

ఈ భేదమునకు కారణము

బీగము, చెవి అను పోలిక ఇచ్చట చాలదు. ఎమ్మిగనూరు మగ్గములను తలచుకొందము. ఒకే నూలు రెండు మగ్గములకు పోయినను, అచ్చు, అల్లు, నేతగాని చేయి మారినచో బట్ట వేరగును. గ్రాహకమును అట్టిదే. మందు చేరగనే గ్రాహకము ఆకారము మార్చుకొనును. 1997, 1998లలో స్ఫటిక చిత్రములద్వారా ఈ మార్పు కంటికి కనబడినది. గ్రాహకములోని ఒక మెలిక ఈస్ట్రోజెను చేరినపుడు ఒక చోట, నిరోధకము చేరినపుడు మరియొక చోట నిలుచును. ఆ ఆకారమును బట్టి సహాయక మాంసకృత్తులో, అణచివేయు మాంసకృత్తులో వచ్చి చేరును. ఈ సహచరుల పాళ్లు స్తనకణమున ఒక విధము, గర్భాశయ కణమున వేరొక విధము. పైగా గ్రాహకములును రెండు రకములు. రెండవది 1996లో ఎలుక ప్రోస్టేటు గ్రంథిలో బయటపడినది.

అందువలననే నేడు వీటిని కేవలము నిరోధకములనక, కణజాలమును ఎన్నుకొని పనిచేయు మందులని పిలుచుచున్నారు. ఎముకలకై 1997లో అనుమతి పొందిన రాలాక్సిఫెన్ ఈ జాతిదే. 2002లో వచ్చిన ఫుల్వెస్ట్రాంట్ మాత్రము గ్రాహకమునే నశింపజేయు శుద్ధ నిరోధకము.

మన దేశపు మాత్ర

లక్నోలో 1951లో ప్రారంభమైన కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో నిత్యానంద్, కాంబోజ్ మొదలగు శాస్త్రజ్ఞుల కృషిచే సెంట్‌క్రోమాన్ అను మందు జనించినది. ఇది ఎలుకలలో బలముగా ఈస్ట్రోజెనును ఎదిరించుచు, కొద్దిపాటి ఈస్ట్రోజెను గుణమును చూపును. జతకూడిన పిమ్మట ఇచ్చినచో గర్భము నిలువదు. క్లోమిఫీను, టామాక్సిఫెను విషయమున మనుష్యులలో విఫలమైన ఆశ ఇచ్చట ఫలించినది. సాధారణముగా అండవిడుదలను ఆపకయే, అండము గర్భాశయమున నాటుకొనుటను ఇది అడ్డగించును. 1991లో ‘సహేలీ’ అను పేర బజారునకు వచ్చిన ఈ మాత్ర, తరువాత ‘ఛాయ’ అను పేర ప్రభుత్వ కుటుంబ సంక్షేమ కార్యక్రమమున చేరినది. మొదటి 3 నెలలు వారమునకు రెండు మారులు, పిదప వారమునకు ఒక మారు వేసికొనుట దీని పద్ధతి. ఎలుకనుండి గ్రామీణ స్త్రీ వరకు వచ్చిన ఈ ప్రయాణము మన దేశ విజ్ఞానమునకు గర్వకారణము.

మూగజీవుల ఋణము

ఈ జ్ఞానమంతయు లెక్కకు మిక్కిలియైన ఎలుకల, చిట్టెలుకల, కోడిపిల్లల ప్రాణములతో కొనబడినది. మన దేశమున 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టమును అనుసరించి ప్రయోగములకు కమిటీ అనుమతి తప్పనిసరి. జంతువు లేకయే సాధ్యమైనచో వేరు మార్గము వెదకుట, సంఖ్యను తగ్గించుట, నొప్పిని తగ్గించుట అను మూడు సూత్రములను 1959లోనే రస్సెల్, బర్చ్ అను ఇరువురు ప్రతిపాదించిరి. అనవసరముగ ఒక ప్రాణిని బలిపెట్టుట విద్య కాదు. బలియైన ప్రాణి నేర్పిన పాఠమును మరచుట అంతకంటె అవిద్య.

మన కర్తవ్యము

ఈ పాఠము మన ఊళ్లలో ఉపయోగపడు తావులు మూడు కలవు. మొదటిది: టామాక్సిఫెన్ వాడుచున్న ఒక తల్లి, ‘ఇది క్యాన్సరు పుట్టించునట’ అను మాట విని మాత్ర మానివేయుట కలదు. ఆ మాటలో ఒక పాలు నిజము, కాని సగము నిజము. వైద్యుడు నిర్ణయించిన రోగికి ఈ మందువలని మేలు ముప్పుకంటె ఎంతయో అధికము. ఋతుక్రమము ఆగిన పిమ్మట రక్తస్రావము కనబడినచో మాత్రము ఆలసింపక వైద్యునకు తెలుపవలెను. రెండవది: సంతానము కొరకై క్లోమిఫీన్ మాత్రలను ఎవరికో పనిచేసినవని అంగడిలో కొని మ్రింగరాదు. మూడవది: గర్భిణులు ఈ జాతి మందులను తమంతట వాడరాదు, వాడుచుండగా గర్భమని అనుమానము కలిగినచో వెంటనే వైద్యుని చూడవలెను.

విద్యార్థులారా! మీరు పరీక్షకై చదివిన ‘గ్రాహకము’ అను ఒక్క మాటను ఇంటికి తీసికొనిపోయి, అమ్మకు అర్థమగు భాషలో చెప్పగలిగిననాడు ఒక వదంతి తగ్గును. ఒక మాత్ర మధ్యలో ఆగక కొనసాగును. అంతకుమించిన శాస్త్రసేవ ఈ వయస్సున మీనుండి మేము కోరము.